పాండురంగం గారి ఒరవడి

"వాన మొదలైంది. అంకుల్ వరండాలో ఉన్నారు. ఏమంటారు?" అని అడిగింది డాక్టర్ నిషాత్.

గాజుగదిలో మైకు ముందు కూర్చున్న హైమవతి గొంతు సవరించుకుని, మొగుడి గొంతులా వీలైనంత బొంగురు చేసి, "గొడుగెక్కడ తగలేశావోయ్," అంది.

"గొడుగు పోగొట్టింది మీరా ఆంటీ?"

"ఆయనే. పోగొట్టేది ఆయన, తగలేసేది నేను. అలాగే రాసుకో."

నిషాత్ నవ్వు ఆపుకుని రాసుకుంది. అద్దం అవతల కుర్చీలో పాండురంగం కూర్చుని భార్య పెదాలు కదలడం చూస్తున్నాడు. ఆమె తనలా మాట్లాడుతోందని తెలిస్తే ఏమనేవాడో చెప్పడానికి అతని దగ్గర మాటలు లేవు. అందుకే కదా ఇదంతా.

పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. కాలు ఈడుస్తూనైనా నడక వచ్చింది, కుడిచెయ్యి దాదాపు మునుపటిలాగే పనిచేస్తోంది. మాట మాత్రం తిరిగి రాలేదు. చెప్పవలసిందంతా లోపల ఉంది, దానికి తొడగడానికి మాటలు దొరకవు. చదువూ రాతా కూడా దాంతోపాటే పోయాయి. ఏలూరు రోడ్డులో స్కూలు గైడ్లు అచ్చువేసే ప్రెస్సులో ముప్ఫైఎనిమిదేళ్ళు ప్రూఫులు దిద్దిన మనిషి, ఇప్పుడు సబ్బు కవరు మీద పేరు కూడబలుక్కోలేడు. విచిత్రమేమిటంటే, ప్రూఫు గుర్తులు మాత్రం చేతిని వదిలిపోలేదు. ఎర్ర పెన్ను ఇచ్చి దినపత్రిక ముందు పెడితే, అంచుల్లో గీతలు, కామాలు, అక్కరలేని మాటను తీసెయ్యమని చెప్పే తోక మెలిక, అన్నీ చకచకా పెట్టేసేవాడు. హైమవతి కళ్ళజోడు పెట్టుకుని సరిచూస్తే సగం గుర్తులు నిజంగా తప్పున్నచోటే ఉండేవి. మిగతా సగం సంపాదకీయం మీద ఉండేవి. అవీ తప్పులే అయ్యుంటాయని ఆమె ఊరుకునేది.

నున్న ఊరికి వెళ్ళే దారిలో ఉన్న ఈ ప్రయోగశాల సంగతి చెప్పింది ఆస్పత్రి వాళ్ళే. చెవి వెనక రూపాయంత బిళ్ళ అంటిస్తారు. మనిషి ఏం చెప్పదలిచాడో అది పసిగడుతుంది. చొక్కాకి గుచ్చిన గుండీలాంటి స్పీకరు ఆ మాట పైకి అంటుంది. మధ్యలో ఒక చిక్కు ఉంది. బిళ్ళకి ఉద్దేశమే అందుతుంది గానీ మాటలు రావు. మాటల్ని ఎక్కడో ఒకచోట వెతుక్కోవాలి. ఆ వెతుక్కునే పెట్టెకి నిషాత్ ఒరవడి అని పేరు పెట్టింది. పలక మీద పెద్దవాళ్ళు రాసిచ్చిన అక్షరం మీద పిల్లలు దిద్దినట్టు, యంత్రం కూడా ఆ మనిషి పాత మాటల మీదే దిద్దుతుందట. లోపల ఏ ఉద్దేశం కదిలినా, ఆ మనిషి అలాంటప్పుడు వెనకటికి ఏమనేవాడో చూసి అదే అంటుంది.

మిగతా పేషెంట్లకి ఫోన్లలో ఏళ్ళకేళ్ళ మాటలు దొరికాయి. పాండురంగం ఫోనులో "ఆ", "ఊ", "పెట్టెయ్" తప్ప వాడిన పదం లేదు. దొరికిందల్లా మేనకోడలి పెళ్ళి వీడియో. అందులో పదకొండు నిమిషాలు సాంబారు గురించి వంటవాడితో పోట్లాడాడు. గొంతుకి అది చాలింది. మాటలకి హైమవతి రావలసి వచ్చింది.

తొమ్మిది వారాలు వచ్చింది. ఆమె బి.ఏ. చదివింది. ఆ చదువు పప్పులోకీ రాదు, పులుసులోకీ రాదు అని అత్తగారు అంటుండేది. ఇన్నాళ్ళకి దానికొక పని దొరికినట్టుగా హైమవతి శ్రద్ధగా చెప్పింది. కరెంటు పోతే ఏమంటాడు, కరెంటు వస్తే ఏమంటాడు, చుట్టాలు వస్తే ఏమంటాడు, వెళ్ళాక ఏమంటాడు. ముప్ఫైతొమ్మిదేళ్ళుగా వింటున్నదే. వెతుక్కోనక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు.

"జ్వరం వచ్చింది," అంది నిషాత్ ఒకరోజు. "నూటమూడు."

"బానే ఉన్నా."

"కిడ్నీలో రాయి."

"బానే ఉన్నా, నువ్వు పని చూసుకో."

"కాలు మీద ఇటుక పడింది."

"బానే ఉన్నా. ఇటుక ఎవడు పెట్టాడిక్కడ."

నిషాత్ కలం పక్కన పెట్టి నవ్వింది. "అన్నిటికీ ఒకటేనా ఆంటీ?"

"తేడాలున్నాయమ్మాయ్. మామూలు నొప్పికి బానే ఉన్నా. తట్టుకోలేని నొప్పికి బానే ఉన్నా, నువ్వు పని చూసుకో."

ఇదంతా నిజాయితీగానే చెప్పింది. నిజాయితీ తప్పింది మూడుచోట్ల. ఎనిమిదో వారంలో, భోజనం గురించి అడుగుతున్నప్పుడు, మొహం మామూలుగా పెట్టి, "కూర బాగుంది," అంది. మర్నాడు, వాదన గురించి అడిగితే, "నువ్వన్నదే రైటు," అంది. ఆఖరి రోజున ఆడపడుచు రాక గురించి అడిగితే, "హైమనేమీ అనకక్కయ్యా," అంది. ముప్ఫైతొమ్మిదేళ్ళలో ఈ మూడూ పాండురంగం నోట ఎన్నడూ రాలేదు. ఇంత కష్టపడి దిద్దిపెడుతున్నదానికి ఆ మాత్రం కూలి తీసుకుంటే తప్పేమిటనుకుంది.

బిళ్ళ అంటించిన రోజున అతను అన్న మొదటి మాట, "కాఫీ చల్లారింది." పెళ్ళి వీడియోలోని గొంతే. వంటవాడి మీది విసుగు ఇంకా కాస్త మిగిలే ఉంది అందులో. హైమవతి గ్లాసు తీసుకుని ప్రయోగశాల వంటగదిలోకి వెళ్ళి, కాఫీ వేడిచేసే వంకతో కాసేపు ఏడ్చి, కాఫీ నిజంగానే వేడిచేసి పట్టుకొచ్చింది.

సత్యనారాయణపురంలోని ఇంటికి మళ్ళీ మాట వచ్చింది. గొడుగు తగలేశావన్న నింద వచ్చింది. పాలవాడి మీద విసురు వచ్చింది. మూడోరోజు మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ, "కూర బాగుంది," అన్నాడు పాండురంగం. హైమవతి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఇన్నేళ్ళుగా వినాలనుకున్న మాట. వినగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఇంకేదో వచ్చింది, దాని పేరు ఆమెకి తెలియలేదు. ఈ మాట అన్నది ఎవరు? అతనా, తనా?

నిషాత్‌కి ఫోను చేసి, ఏమీ ఎరగనట్టు అడిగింది. "మనిషి అనుకోనిది అది అంటుందా అమ్మాయ్?"

"అనదు ఆంటీ. లోపల ఏదో ఒకటి ఉంటేనే అంటుంది. ఉన్నదానికి అన్నిటికన్నా దగ్గర మాట ఏదైతే అది."

"దగ్గరంటే, ఎంత దగ్గర?"

"అది మాకూ పూర్తిగా తెలీదు."

ఆదివారం ఆడపడుచు రుక్మిణమ్మ గుడివాడ నుంచి వచ్చింది. పాండురంగం కన్నా ఆరేళ్ళు పెద్ద. కుర్చీలో కూర్చోకముందే, "ఇల్లు ఇట్లా పెట్టుకుంటే వాడికి జబ్బు చెయ్యక ఏం చేస్తుందే," అంది.

పాండురంగం చొక్కా మీది గుండీ మాట్లాడింది. "హైమనేమీ అనకక్కయ్యా."

రుక్మిణమ్మ తమ్ముడి వంక, గుండీ వంక, మరదలి వంక వరసగా చూసింది. "జబ్బు చేసి వీడికి బుద్ధొచ్చిందే," అంది. "లేకపోతే బుద్ధి ఎవరైనా అప్పిచ్చారా?"

"నాకేం తెలుసు వదినా," అంది హైమవతి, పళ్ళెంలో జంతికలు సర్దుతూ. ఆ పూటంతా చెవులు కాలుతూనే ఉన్నాయి. మొగుడి నోట్లో మాటలు పెట్టిన పెళ్ళాం అని లోకం ఊరికే అంటుంది. తను నిజంగానే పెట్టింది. అతను ఏమనాలనుకున్నాడో, "అక్కా, మంచినీళ్ళు తాగుతావా" అనాలనుకున్నాడో, ఎవరికి తెలుసు. ఆ అనుమానం నెల రోజులు ఆమె వెంట తిరిగింది. నిషాత్‌కి చెప్పి ఆ మూడు మాటలూ తీయించెయ్యాలని రోజూ అనుకునేది. రోజూ మధ్యాహ్నం, కూర వడ్డించాక, ఇవాళొక్కరోజు చూద్దాంలే అనుకునేది.

మే నెల పద్దెనిమిదిన, ఉదయం తొమ్మిది దాటాక, ఆమె వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ముందుగదిలో పాండురంగం పేపరు ముందేసుకుని ఎర్ర పెన్నుతో కూర్చున్నాడు.

"బానే ఉన్నా," అన్నాడు.

"ఎవరడిగారండీ," అంది హైమవతి, కాయల్లోంచి తల ఎత్తకుండా.

"బానే ఉన్నా, నువ్వు పని చూసుకో."

"చూసుకుంటూనే ఉన్నాను."

కాసేపటికి మళ్ళీ అదే మాట. మళ్ళీ. కాయల చేట పక్కన పెట్టి వెళ్ళి చూసింది. చొక్కా తడిసి ఉంది. మేలో బెజవాడలో చెమట పట్టని మనిషిని చూస్తే అనుమానించాలి గానీ పట్టినవాణ్ణి అనుమానించేదెవరు? ఫ్యాను పెంచింది. పేపరు చూసింది. మొదటి పేజీ నిండా తోక మెలికలు. తీసెయ్, తీసెయ్, తీసెయ్. అక్షరాల మీద, బొమ్మల మీద, ఉత్త కాగితం మీద. ఒకచోట పెన్ను కాగితాన్ని చింపేసింది.

"ఇవాళ పేపరు మొత్తం కొట్టేసేట్టున్నారే," అంది నవ్వుతూ. "నిజమే లెండి, ఉన్నవన్నీ అబద్ధాలే."

అతను గుండీని పట్టుకుని లాగాడు. స్పీకరు సూది గుచ్చుకుంటోంది కాబోలనుకుని, వంగి, దాన్ని తీసి కాస్త పైకి, సరిగ్గా మళ్ళీ పెట్టింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా. అలా పట్టుకోవడం అలవాటున్న మనిషి కాదు. హైమవతికి సిగ్గేసింది. "పొయ్యి మీద పప్పుందండీ," అని చెయ్యి విడిపించుకుంది.

"బానే ఉన్నా, నువ్వు పని చూసుకో," అంది గుండీ.

ఒంటిగంటన్నరకి భోజనానికి పిలవడానికి వస్తే కుర్చీలో ఒరిగిపోయి ఉన్నాడు. పెన్ను ఇంకా వేళ్ళలోనే ఉంది.

ప్రాణం దక్కింది. గుండె కండరం సగానికి పైగా చచ్చిపోయిందని, రెండు గంటల ముందు తెచ్చినా వేరేగా ఉండేదని ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. ఎన్నాళ్ళు అని అడిగితే నెలల్లో చెప్పలేదు, వారాల్లో చెప్పాడు.

నాలుగోరోజున నిషాత్ వచ్చింది. ఐసీయూ బయట బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నేనొక తప్పు చేశానమ్మా," అంది హైమవతి. "నువ్వు రాసుకున్నవాటిలో మూడు మాటలు ఆయనవి కావు. నావి. కొంటెతనంగా పెట్టాను. వాటివల్లే యంత్రం చెడిపోయి ఉంటుంది."

"తెలుసు ఆంటీ."

"తెలుసా?"

"కూర బాగుందనేటప్పుడు మీరు నవ్వు ఆపుకోవడం కూడా రికార్డయింది."

"మరి తీసెయ్యలేదేం?"

"మా నాన్న కూడా అమ్మతో ఎప్పుడూ అనలేదు," అంది నిషాత్. "ఒక ఇంట్లోనైనా ఉండనిద్దామనిపించింది." తర్వాత రాసుకొచ్చిన కాగితం తీసి చూసింది. "వాటివల్ల ఏం జరగలేదు ఆంటీ. యంత్రం చెడిపోలేదు. ఆరోజు పొద్దున్న తొమ్మిదీపది నుంచి అంకుల్ లోపల నొప్పి, నొప్పి అని అరుస్తూనే ఉన్నారు. అరవయ్యొక్కసార్లు. ప్రతిసారీ అది వెతికింది. నొప్పికి ఒరవడిలో పద్నాలుగు వాక్యాలున్నాయి. పద్నాలుగూ మీకు తెలుసు. యంత్రం లెక్కలో ఆ రోజు ఒక్క తప్పు లేదు. అచ్చం అంకుల్‌లాగే మాట్లాడింది."

హైమవతి మనసులో లెక్క చూసుకుంది. దొంగతనంగా పెట్టిన మూడు మాటలు ఎవరికీ అపకారం చెయ్యలేదు. నిజాయితీగా చెప్పినవే చేశాయి.

"నేను అప్పుడే ఆగి అడగాల్సింది," అంది నిషాత్. "నవ్వాను."

"ఇద్దరం నవ్వాం," అంది హైమవతి.

నిషాత్ అసలు వచ్చిన పని అప్పుడు చెప్పింది. ఈ మిగిలిన రోజుల్లో నొప్పుంటే అతను చెప్పగలగాలి, లేకపోతే ఎంత మందు ఇవ్వాలో ఎవరికీ తెలియదు. పాతవాటిని తీసేసి కొత్త వాక్యాలు ఎక్కించవచ్చు. అయితే అవి ఇంటి మాటల్లో ఉండాలి. పుస్తకంలోవి పెడితే అతని లోపల అతుక్కోవు. ఎవరో ఒకరు చెప్పాలి.

"నొప్పని ఆయన ఎలా అంటారో నాకేం తెలుసు," అంది హైమవతి. "ఎప్పుడూ అనలేదుగా."

"మీరెలా అంటారో చెప్పండి."

"నేనూ ఎప్పుడూ అనలేదమ్మాయ్."

మర్నాడు మళ్ళీ గాజుగదిలో కూర్చుంది. ఈసారి అద్దం అవతల కుర్చీ ఖాళీగా ఉంది. నిషాత్ "నడుము నొప్పి," అంది. హైమవతి నోరు తెరిచింది, మాట రాలేదు. పిల్లలు కొత్త అక్షరం ముందు బలపం పట్టుకుని కూర్చున్నట్టు కూర్చుంది. చివరికి ఆమెకొక దారి దొరికింది. ఊహించి చెప్పలేకపోయింది గానీ, వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడం చేతనయింది. గర్భసంచి ఆపరేషన్ అయిన ఏడాది గుర్తు చేసుకుంది. పదోతరగతి గైడు ప్రూఫులు నెత్తిమీదున్న రోజులవి. పాండురంగం గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది?" అని అడిగాడు. "పర్లేదు, మీరు పని చూసుకోండి," అంది తను. ఆ రోజు పర్లేదు అనకుండా ఉంటే ఏమని ఉండేది? అది చెప్పింది మైకులో. తర్వాత ఇంకొకటి. పురిట్లో బిడ్డ పోయినప్పటిది. మోకాళ్ళవి. అర్థంలేకుండా గుండెలో బరువెక్కే సాయంత్రాలవి. గొంతు మార్చి మొగుడిలా చెప్పాలన్న సంగతి మొదటి గంటలోనే మర్చిపోయింది. నిషాత్ గుర్తు చెయ్యలేదు. గొంతు ఎలాగూ పెళ్ళి వీడియోలోంచి వస్తుంది.

"పక్కవాళ్ళకి నొప్పైతే?" అని అడిగింది నిషాత్ చివర్లో.

"ఎక్కడ, అని అడగాలి," అంది హైమవతి. "ఊరికే ఎలా ఉందని అడిగితే ఎవరూ చెప్పరు."

నాలుగు రోజుల్లో మూడువందల పది వాక్యాలు. ఒక్కదానికీ ఎవరూ నవ్వలేదు.

బిళ్ళ మళ్ళీ అంటించాక పాండురంగం కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుండీ మాట్లాడింది. "హైమా, ఎడమపక్క పిండేస్తోంది. పిలు ఎవరినైనా." నర్సు పరిగెత్తుకొచ్చి మందు ఎక్కించింది. మొగుడు నొప్పి అన్నందుకు సంతోషించిన ఇల్లాలు ఆ వార్డులో తనొక్కతే అయ్యుంటుందనుకుంది హైమవతి.

ఆ తర్వాత ఆగలేదు. రోజుకి పది పదిహేనుసార్లు. "పడుకోలేకపోతున్నా." "చలేస్తోంది, చలి కాదిది." "భయంగా ఉందోయ్." తను ఆ మాట మైకులో చెప్పింది గానీ దానికి జవాబెవరూ చెప్పగా వినలేదు. "ఉండదూ మరి," అంది చివరికి, మంచం పట్టె మీద కూర్చుని.

పదిహేనోరోజో పదహారోరోజో, ఒక మధ్యాహ్నం గుండీ ఇలా అంది: "కుట్ల దగ్గర ఇంకా లాగుతూనే ఉంది. ఎవరికీ చెప్పొద్దులే." పాండురంగానికి కుట్లు లేవు. అతను కళ్ళు తెరిచి గుండీ వంక చూశాడు, తర్వాత ఆమె వంక. ముప్ఫైఎనిమిదేళ్ళు ఇతరుల రాతలు చదివిన మనిషికి, ఒక వాక్యం ఎవరు రాశారో తెలియకుండా ఉంటుందా. గుండీ పీకి, చెయ్యి చాచి, ఆమె భుజం మీద చీరకి గుచ్చబోయాడు. చేతకాలేదు. హైమవతి వంగి తనే గుచ్చుకుంది.

"ఎక్కడ?" అంది గుండీ, ఆమె భుజం మీద నుంచి, అతని గొంతుతో.

ఆమె ముందు పొట్ట చూపించింది. తర్వాత మోకాళ్ళు. తర్వాత చెయ్యి గాలిలో ఆగిపోయింది. అతను తల ఊపుతూనే ఉన్నాడు, ఇంకా, ఇంకా అన్నట్టు.

ఇరవైమూడు రోజులు బతికాడు పాండురంగం.

పెద్దకర్మ అయ్యాక రుక్మిణమ్మ వెళ్తూ వెళ్తూ, "నిన్నేమీ అనొద్దన్నాడుగా, అననులే," అంది. ఆ మాట ఎవరిదో హైమవతి చెప్పలేదు. ఇప్పుడది ఎవరిదైనా ఒకటే.

వర్షాలు పడ్డాక బిళ్ళా గుండీ తిరిగివ్వడానికి నున్న దారికి వెళ్ళింది. నిషాత్ ఒక కాగితం ముందు పెట్టింది. ఆ మూడువందల పది వాక్యాలు వేరే పేషెంట్ల ఒరవడుల్లో కలుపుకోవడానికి అనుమతి. నొప్పికి మాటే లేని మగవాళ్ళు పదిమందిలో ఏడుగురున్నారట. ఆడవాళ్ళు ఎనిమిదిమంది. "మీ ఇష్టం ఆంటీ. మీ ఇంటి మాటలు కదా," అంది.

"ఇంట్లో ఎవరూ వాడలేదులే," అని హైమవతి సంతకం పెట్టింది.

అది జరిగి రెండు నెలలైంది. ఏదో కాగితం మీద ఇంకో సంతకం మిగిలిందని పిలిస్తే మళ్ళీ వెళ్ళింది. నడవాలో బల్ల మీద నిషాత్ కోసం కూర్చుంది. ఎదుటి గది తలుపు ఓరగా ఉంది. లోపల మంచం మీద ఎవరో పెద్దాయన. మచిలీపట్నం వైపు పడవ మనిషని ఇందాక ఆయా చెప్పింది. మంచం పక్కన ముసలమ్మ బత్తాయి వలుస్తోంది.

"దీపం తియ్యకు," అంది ఆయన చొక్కా మీది గుండీ. సముద్రం మీద అరిచి అరిచి గరుకెక్కిన గొంతు. "తీస్తే అదొక్కటే మిగులుతుంది."

హైమవతి ఆ తలుపు వైపు తిరిగింది. పురిట్లో బిడ్డ పోయిన రాత్రి, పాండురంగం దీపం తీసి పడుకున్నాక, చీకట్లో పెదాల దాకా వచ్చి ఆగిపోయిన మాట అది. తను దాన్ని మొదటిసారి పైకి అన్నది ఇక్కడి మైకులోనే. అప్పుడు ఆమె వయసు ఇరవైమూడు.

ముసలమ్మ కిటికీ వంక, ఒంటిగంట ఎండ వంక చూసింది. గదిలో దీపమే వెలగడం లేదు. ఆమె బత్తాయి తొన పక్కన పెట్టి, తడిచెయ్యి చీరకి తుడుచుకుని, "తియ్యనులే మావా," అంది. "ఏది మిగులుద్ది? చెప్పు, ఇంటాను."

హైమవతి సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిషాత్ వచ్చి పిలిస్తే, కాసేపు ఆగమన్నట్టు చెయ్యెత్తింది.